స్టేషన్ దగ్గర పడుకునే కుర్రాళ్లకి సుఖవ్యాధులు: ఎక్కడ చూపించాలి, ఎలా తీసుకెళ్లాలి?

కృష్ణలంక_వాలంటీర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మేం కొంతమంది స్నేహితులం కలిసి విజయవాడ రైల్వే స్టేషన్ చుట్టుపక్కల ఆదివారం రాత్రిళ్లు భోజనం ప్యాకెట్లు పంచుతుంటాం. అక్కడే పడుకునే కుర్రాళ్లు మాకు బాగా అలవాటయ్యారు. ఎక్కువమంది 18 నుంచి 22 ఏళ్ల మధ్య ఉంటారు, కొందరు ఒడిశా నుంచి, కొందరు శ్రీకాకుళం వైపు నుంచి, మరికొందరు చిన్నప్పుడు ఏదో హోమ్‌లో పెరిగి వయసు దాటాక బయటికొచ్చినవాళ్లు. కేటరింగ్ పనులకి పోతారు, పని దొరకని రోజు ఖాళీ వాటర్ బాటిళ్లు ఏరుకుంటారు.

ఈమధ్య ఒకతను కాళ్లు ఎడంగా పెట్టి నడుస్తుంటే ఏమైందని అడిగాం. మొదట కాలు బెణికిందన్నాడు. తర్వాత పక్కకి పిలిచి, గజ్జల్లో బిళ్లలు కట్టాయని, కింద పుండు లేచిందని, ఆర్ఎంపీ దగ్గరికి పోతే సూదేసి ఐదొందలు తీసుకున్నాడని, పుండయితే మానిపోయింది గానీ బిళ్లలు మాత్రం అలాగే ఉన్నాయని చెప్పాడు. అతనితో తిరిగే ఇంకొకతనికి మూత్రం మంట, చీము పడుతోందట. ఇద్దరూ ఆసుపత్రికి రామంటున్నారు. ఆధార్ లేదు, డబ్బుల్లేవు, పైగా "అక్కడ అందరి ముందూ అడుగుతారన్నా" అంటున్నారు.

నాకు మెడికల్ విషయాలేమీ తెలియవు. వీళ్లని ఏ విభాగానికి తీసుకెళ్లాలి? ఆధార్ లేకుండా చూస్తారా? హెచ్ఐవి పరీక్ష బలవంతంగా చేసేస్తారా? ఇంకో టెన్షన్ ఏంటంటే వాళ్లలో ఒకడికి 17 దాటి ఉండవనిపిస్తోంది, వాడి సంగతి వేరేగా చూడాలా? అక్కడ ఆడపిల్లలు మాకు దాదాపు కనిపించరు, కనిపించినా ఒకట్రెండు వారాల్లో ఎటో వెళ్లిపోతారు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి ప్లీజ్.

పాత_కౌన్సిలర్:

నేను ఐసీటీసీలో, అంటే గవర్నమెంటు హెచ్ఐవి కౌన్సెలింగ్, పరీక్షా కేంద్రంలో చాలాకాలం పనిచేశాను. తెలిసినంతవరకు చెప్తాను.

ముందుగా అర్జెంటు విషయం. పుండు మానిపోయింది కదా అని మొదటి అబ్బాయిని వదిలేయకండి. సిఫిలిస్‌లో మొదట లేచే పుండు సాధారణంగా నొప్పి పెట్టదు, మందు వాడినా వాడకపోయినా మూడు నుంచి ఆరు వారాల్లో దానంతటదే మానిపోతుంది. ఆర్ఎంపీ ఏ సూది వేసినా పనిచేసినట్టే కనిపించడానికి కారణం ఇదే. పుండు పోయినా జబ్బు రక్తంలోనే ఉంటుంది. కొన్ని వారాలకి అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు రావచ్చు, వాటికి దురద పెద్దగా ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు, అవి కూడా పోతాయి. ఆ తర్వాత ఏళ్ల తరబడి పైకి ఏమీ తెలియకుండా ఉండి, కొందరిలో గుండె దగ్గరి రక్తనాళాల్ని, మెదడుని, కళ్లని దెబ్బతీస్తుంది. ఇదంతా ఒక రక్తపరీక్షతో తేలుతుంది (వీడీఆర్ఎల్ అనో ఆర్‌పీఆర్ అనో రాస్తారు). మొదటి దశలోనే పట్టుకుంటే బెంజథీన్ పెన్సిలిన్ 24 లక్షల యూనిట్లు ఒక్కసారి కండకి వేస్తే చాలు. పెన్సిలిన్ పడుతుందో లేదో చూసి వేస్తారు, వేశాక కాసేపు కూర్చోబెడతారు. ఆ రాత్రి జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, ఒక రోజులో తగ్గిపోతాయి. ఈ ముక్క ముందే చెప్పి పంపండి, లేకపోతే మందు పడలేదని భయపడి ఆ అబ్బాయి మళ్లీ ఆసుపత్రి గడప తొక్కడు.

పుండ్లన్నీ సిఫిలిస్ కావు. చిన్నచిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి చితికి మంట పుడితే హెర్పిస్ కావచ్చు. నొప్పి బాగా ఉండి గజ్జల్లో గడ్డ చీము పడితే అది మరొకటి కావచ్చు. అది డాక్టరు చూసి చెప్పాల్సిందే, ఫోటో చూసి మనం ఊహించకూడదు.

రెండో అబ్బాయిది వినడానికి సెగరోగంలా ఉంది, అంటే గనేరియా. దాంతోపాటే క్లమీడియా కూడా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి రెండింటికీ కలిపి మందిస్తారు. గవర్నమెంటులో ఈ మందులు లక్షణాన్ని బట్టి రంగుల కిట్లుగా ఉంటాయి. చీము పడేవాళ్లకి ఇచ్చే గ్రే కిట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ ఉంటాయి, రెండూ ఒకే పూట మింగేసేవే. మీ కుర్రాళ్ల విషయంలో నేను ఇదే నొక్కి చెప్తున్నా. పడుకునే చోటే సరిగా లేనివాడికి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండు వారాలపాటు అని మాత్రలు చేతికిస్తే అవి వాన నీళ్లలోనో ఎవడి జేబులోనో పోతాయి. అక్కడికక్కడే, మీ కళ్లముందే మింగేదైతే వైద్యం ఆ పూటకి పూర్తయినట్టు. డాక్టరుతో "సార్, ఇతనికి ఇల్లు లేదు, ఒకే డోసులో అయ్యేదుంటే అది రాయండి" అని మీరే అడగండి. డాక్టర్లు అడిగితే ఆలోచిస్తారు, మనం చెప్పకపోతే ఆ చీటీ పట్టుకొచ్చిన మనిషి ఎక్కడ పడుకుంటాడో వాళ్లకి తెలిసే దారి లేదు.

మెడికల్ షాపులో సిప్రో మాత్రలు కొని ఇవ్వడం లాంటివి మాత్రం చేయకండి. మన దేశంలో గనేరియా చాలావరకు దానికి లొంగట్లేదు.

ఎక్కడికంటే, జిల్లా ఆసుపత్రుల్లో, మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, చర్మవ్యాధులు, సుఖవ్యాధుల ఓపీకి అనుబంధంగానో పక్కనో. ఓపీ కౌంటర్లో "స్కిన్" అని చెప్పి చీటీ రాయించుకుంటే సరిపోతుంది, క్యూలో అందరి ముందూ జబ్బు పేరు చెప్పక్కర్లేదు. కౌంటర్లో ఆధార్, ఫోన్ నంబరు అడుగుతారు, లేవంటే లేవనే చెప్పండి. ఐసీటీసీలో పరీక్షకి గుర్తింపు కార్డు అక్కర్లేదు, డబ్బులూ అక్కర్లేదు.

బలవంతపు పరీక్ష అన్న భయం అక్కర్లేదు. 2017 హెచ్ఐవి చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం మనిషికి విషయం వివరించి, ఒప్పుకున్నాకే పరీక్ష చేయాలి, ఫలితం బయట ఎవరికీ చెప్పకూడదు. అంటే మీరు తీసుకెళ్లినా సరే, రిపోర్టు మీ చేతికి రాదు. దానికి మీరు బాధపడకూడదు, పైగా ఆ సంగతి కుర్రాడికి ముందే చెప్తే ఒప్పుకోవడానికి సగం దారి పడుతుంది.

పరీక్ష మాత్రం చేయించుకోమనే చెప్పండి. పుండు ఉన్నవాళ్లకి హెచ్ఐవి సోకడం తేలికవుతుంది. 2021 అంచనాల ప్రకారం దేశం మొత్తమ్మీద పెద్దవాళ్లలో హెచ్ఐవి 0.21 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 0.67, తెలంగాణలో 0.47. మన దగ్గర ఇది పాతబడిపోయిన సమస్య కాదు.

ప్లాట్‌ఫాం_తర్వాత:

నేను కొన్నేళ్లు స్టేషన్లోనే బతికాను. విజయవాడ కాదు, పేరు అనవసరం. ఇప్పుడు ఒక షెల్టర్‌లో పని చేస్తున్నా. పైన మేడం గారు చెప్పినదానికి ఇంకొంచెం కలుపుతాను.

ఎవరైనా వచ్చి "వీళ్లకి అవగాహన లేదు, అవగాహన కల్పించాలి" అంటుంటే నాకు కోపం వస్తుంది. అన్నీ తెలుసండి. నిరోధ్ అంటే ఏంటో, ఎయిడ్స్ ఎలా వస్తుందో ప్లాట్‌ఫాం మీద పడుకునే ప్రతి కుర్రాడికీ తెలుసు. లేనిది చోటు. రాత్రి పూట ఎక్కడ పడుకోవాలన్నది ఎవరో పెద్దోడి చేతిలో ఉంటుంది, వాడు దుప్పటి ఇస్తాడు, పోలీసులొస్తే లేపుతాడు, ఇంకొకడు కొట్టకుండా చూస్తాడు, వాటన్నిటికీ బదులుగా ఏం అడుగుతాడో మీకు విడిగా చెప్పక్కర్లేదు. కొందరికి బిర్యానీ ప్యాకెట్, కొందరికి మత్తు కోసం పీల్చే సొల్యూషన్ ట్యూబ్, కొందరికి వంద రూపాయలు. ఆ టైములో వాడితో కండోమ్ పెట్టుకో అనే ధైర్యం పదహారేళ్ల పిల్లోడికి ఎక్కడినుంచి వస్తుంది? మత్తులో ఉన్నవాడికి అసలు ఏం జరిగిందో కూడా పొద్దున్నే గుర్తుండదు.

మగపిల్లల మీద జరిగేది మగపిల్లలు చెప్పరు. "నేను ఆడదాన్నా" అనుకుంటారు. వెనకవైపు పుండు, రక్తం, చీము ఉన్నా పైల్స్ అని చెప్తారు. డాక్టరు కూడా పైల్స్ మందే రాస్తాడు. కాబట్టి అన్నా, మీరు తీసుకెళ్లేటప్పుడు "ముందు గానీ వెనక గానీ, నోట్లో గానీ ఏదున్నా డాక్టరుకి చెప్పు, ఆయన రోజూ చూసేదే" అని దారిలోనే ఒక్క మాట అనండి. ఆ మాట మీ నోటి నుంచి వింటే వాడికి చెప్పడం తేలికవుతుంది.

కండోమ్‌లు పంచితే చాలదు. ప్యాంటు వెనక జేబులో వారాల తరబడి ఉంటుంది, దానిమీదే కూర్చుంటాం, ఎండకి కాలుతుంది, రేకు అంచులు అరిగిపోయి లోపల జిగట ఆరిపోయి ఉంటుంది, వాడితే చిరుగుతుంది. కొద్దికొద్దిగా, తరచుగా ఇవ్వండి, చిన్న గట్టి డబ్బాలో పెట్టివ్వండి.

స్నానం సంగతి ఎవరూ మాట్లాడరు. సులభ్ కాంప్లెక్స్‌లో స్నానానికి డబ్బులు కట్టాలి, ఆ డబ్బుతో టీ, బన్ను వస్తాయి. తడి బట్టలు ఆరేసుకునే చోటు కూడా ఉండదు, ఉన్న ఒక్క ప్యాంటే. గజ్జి, తామర, తొడల మధ్య ఒరుసుకుపోవడం అన్నీ కలిసి ఏది సుఖవ్యాధో ఏది కాదో తెలియని స్థితి. గోకి గోకి పుండ్లు పడ్డ కుర్రాళ్లు ఎయిడ్స్ వచ్చిందని భయపడి ఊరే మారిపోయారు, చూస్తే గజ్జి. పర్మెత్రిన్ క్రీము ఒంటికి పూసి, బట్టలు వేడినీళ్లలో ఉతికితే పోయేది. మీరు భోజనం పంచే చోటికి దగ్గర్లో నైట్ షెల్టర్ ఉంటే వాళ్లతో మాట్లాడి స్నానం, బట్టలు ఉతుక్కోవడానికి ఒక పూట అడగండి. అన్నం ప్యాకెట్ ఎంత అవసరమో అదీ అంతే అవసరం.

హెచ్ఐవి పాజిటివ్ వచ్చినవాళ్ల గురించి కూడా చెప్పాలి. మందులు ఉచితం, ఇప్పుడు చాలామందికి రోజుకి ఒకే మాత్ర, ఫ్రిజ్ అక్కర్లేదు. అంతవరకు బాగుంది. కానీ డబ్బాలో మాత్రలు గలగలమంటాయి. రాత్రి పక్కన పడుకున్నవాడు "ఏందిరా అది" అంటాడు, పొద్దున కల్లా అందరికీ తెలిసిపోతుంది, ఆ తర్వాత వాడితో ఎవరూ టీ గ్లాసు పంచుకోరు. మా దగ్గర కుర్రాళ్లు డబ్బాలో దూది కుక్కుతారు, లేబుల్ చింపేస్తారు. కొందరి మందులు మేమే షెల్టర్ బీరువాలో పెట్టి వారానికి సరిపడా ఇస్తాం. నమ్మకమైన టీకొట్టు అక్కనో, పార్కింగ్ స్టాండు అన్ననో ఉంటే అది కూడా పనికొస్తుంది, కానీ ఎవరి దగ్గర పెట్టాలో ఆ కుర్రాడే చెప్పాలి, మనం కాదు.

ఆటోనగర్_వాసి:

అంతా బాగానే చెప్పారు గానీ, అసలు వీళ్లని స్టేషన్ నుంచి తీసేసి ఎక్కడన్నా పెట్టకుండా ఎన్ని మందులిచ్చినా ఏం లాభం? మళ్లీ అదే పని, అదే జబ్బు. పోలీసులకి చెప్పి అందర్నీ ఒకేసారి షెల్టర్‌కి తరలించమనొచ్చు కదా.

ప్లాట్‌ఫాం_తర్వాత:

అన్నా, మీరు మంచి మనసుతోనే అన్నారని తెలుసు. కానీ లాఠీతో లేపితే షెల్టర్‌కి రారు, పక్క స్టేషన్‌కి పోతారు. తెనాలి, గుడివాడ, ఏలూరు, ఎక్కడో ఒకచోట దిగుతారు. సగం కోర్సు మందు ఇక్కడే ఉండిపోతుంది, రేపు రమ్మన్న పరీక్షకి రాడు, వాడితో ఉన్న నలుగురి ఆచూకీ తెలియదు. లక్షమంది పట్టణ జనాభాకి 100 మంది పట్టే షెల్టర్ ఒకటి ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఉన్న షెల్టర్లలో కూడా చాలాచోట్ల ఇరవై ఏళ్ల కుర్రాడికి అరవై ఏళ్ల తాగుబోతు పక్కన చాప వేస్తారు, వాడు ఎందుకు ఉంటాడు చెప్పండి. హోమ్‌లో పెరిగినవాళ్ల సంగతి మరీ అన్యాయం. 18 నిండగానే బయటికి పంపేస్తారు. 21 ఏళ్ల దాకా ఆసరా ఇచ్చే ఆఫ్టర్‌కేర్ గురించి 2015 బాలల న్యాయ చట్టంలో రాసి ఉంది, నాతో పనిచేసిన కుర్రాళ్లలో చాలామందికి ఆ మాటే ఎవరూ చెప్పలేదు.

జబ్బు ఇప్పుడుంది కాబట్టి మందు ఇప్పుడే ఇవ్వాలి. ఇల్లు దొరికేదాకా ఆగమనలేం.

లీగల్_ఎయిడ్_అమ్మాయి:

ఆ 17 ఏళ్ల అబ్బాయి గురించి నేను చెప్తాను, దీంట్లో జాగ్రత్తగా ఉండాలి.

18 నిండనివాళ్లతో లైంగిక చర్య పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కింద నేరం, మగపిల్లలకీ ఇది వర్తిస్తుంది, "వాడు ఒప్పుకున్నాడు" అనేది చెల్లదు. విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకి చెప్పాలని సెక్షన్ 19 అంటుంది, చెప్పకపోతే శిక్ష కూడా ఉంది, అది డాక్టర్‌కీ వర్తిస్తుంది, మీలాంటి వాలంటీర్‌కీ వర్తిస్తుంది. కాబట్టి వాడిని కూర్చోబెట్టి వివరాలన్నీ లాగి, చివర్లో "ఇది పోలీసులకి చెప్పాల్సిందే" అంటే వాడికి మీరు నమ్మకద్రోహం చేసినట్టే ఉంటుంది. అడగక ముందే చెప్పండి: "నువ్వు చెప్పేదాంట్లో కొన్ని నేను దాచలేను, కానీ నీ వెంట ఉంటాను" అని. ఆ తర్వాత చెప్పడం, చెప్పకపోవడం వాడి ఇష్టం.

రెండోది, వైద్యం దీనికోసం ఆగదు. ఎఫ్ఐఆర్ ఉంటేనే చూస్తామని, పోలీసు లెటర్ తెమ్మని ఏ ఆసుపత్రీ అనకూడదు. 2020 పోక్సో నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది, గాయాలకి, సుఖవ్యాధులకి, హెచ్ఐవి సోకే ప్రమాదానికి వైద్యం ఇవ్వాలని కూడా రాశారు. జరిగి 72 గంటలు దాటకపోతే పెప్ మందు (హెచ్ఐవి సోకకుండా ఆపడానికి ఇచ్చేది) మొదలుపెట్టొచ్చు, 28 రోజులు వాడాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. క్యాజువాల్టీలో అడగాలి, ఓపీ తెరిచేదాకా ఎదురుచూడొద్దు. ఈ పెప్ పెద్దవాళ్లకీ ఉంది, దౌర్జన్యం జరిగిన ఇరవై ఏళ్లవాడైనా అడగొచ్చు.

పిల్లల హెల్ప్‌లైన్ 1098. బాలల సంక్షేమ కమిటీ ముందు పెడితే, పుట్టినతేదీ కాగితాలు లేకపోయినా వయసు తేల్చే పద్ధతి వాళ్లకి ఉంటుంది. విజయవాడలో స్టేషన్ పిల్లలతో ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్న నవజీవన్ బాలభవన్ లాంటి సంస్థలున్నాయి, ఒక్కళ్లే మోయకుండా వాళ్లతో మాట్లాడండి.

స్టాఫ్‌నర్స్_గుంటూరు:

ఆడపిల్లల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. వాళ్లు స్టేషన్లో కనిపించకపోవడానికి కారణం వాళ్లు లేకపోవడం కాదు, ఎవరో ఒకరు చాలా తొందరగా తీసుకెళ్లిపోవడం. లేదంటే ఒక మగతోడు చూసుకుని వాడితోనే ఉంటారు, వాడు కొట్టినా సరే, పదిమంది కన్నా ఒకడు నయమనుకుని.

వాళ్లలో సగం జబ్బులు పైకి తెలియవు. క్లమీడియా, గనేరియా ఉన్నా చాలామంది ఆడవాళ్లకి ఏ బాధా ఉండదు, ఉన్నా కొంచెం తెల్లబట్ట, అది మామూలే అనుకుంటారు. లోపల గొట్టాలకి పాకి పొత్తికడుపు నొప్పి, జ్వరం వచ్చేసరికి ఆలస్యమైపోతుంది, తర్వాత పిల్లలు పుట్టకపోవచ్చు, గర్భం గొట్టంలో నిలిచి ప్రాణం మీదికి రావచ్చు. పొత్తికడుపు నొప్పితో జ్వరం ఉన్న పిల్లని ఆ రోజే తీసుకురండి. గర్భం ఉందేమో అని అనుమానమున్నా అంతే, ఎందుకంటే సిఫిలిస్ తల్లి నుంచి బిడ్డకి వెళ్తుంది, ముందే చూసి పెన్సిలిన్ వేస్తే ఆగుతుంది. ఒంటరిగా ఉన్న ఆడపిల్లకి 181 కి ఫోన్ చేస్తే సఖి సెంటర్ (ఆపదలో ఉన్న ఆడవాళ్లకి గవర్నమెంటు సాయ కేంద్రం) వాళ్లు సాయం చేస్తారు.

ఒక చిన్న జాగ్రత్త. తెల్లబట్టకి, పొత్తికడుపు ఇన్ఫెక్షన్‌కి ఇచ్చే కిట్లలో మెట్రోనిడజోల్ రకం మందులు ఉంటాయి, అవి వాడుతూ మద్యం తాగితే వాంతులు, గుండె దడ రావచ్చని జాగ్రత్త చెప్తాం. "తాగావా" అని మందలించినట్టు అడిగితే లేదనే అంటారు. "రేపటిదాకా తాగకుండా ఉండగలవా, లేకపోతే మందు ఎల్లుండి మొదలుపెడదాం" అని అడిగితే నిజం చెప్తారు.

హెపటైటిస్ బి టీకా గురించి కూడా అడగండి, మూడు డోసులు, ఆరు నెలల్లో పూర్తవుతాయి. సూదులు పంచుకునేవాళ్లు ఎవరైనా ఉంటే హెపటైటిస్ సి పరీక్ష కూడా చేయించాలి, దానికి ఇప్పుడు గవర్నమెంటులో మందు ఉచితం, నయమవుతుంది.

కృష్ణలంక_వాలంటీర్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. ఇద్దరితో మాట్లాడాను, "స్కిన్ ఓపీ అని చెప్తే చాలు, రిపోర్టు నాక్కూడా చూపించరు" అన్నాక చీము పడుతున్న అబ్బాయి వస్తానన్నాడు. మొదటి అబ్బాయి ఇంకా ఆలోచిస్తున్నాడు. 17 ఏళ్ల వాడి విషయంలో బాలభవన్ వాళ్లని కలవబోతున్నాం. ఇంకో రెండు సందేహాలు. హెచ్ఐవి పరీక్షలో ఇప్పుడు లేదని వస్తే ఇక లేనట్టేనా? అతనితో ఉన్నవాళ్ల సంగతేంటి, వాళ్ల పేర్లు చెప్పమంటే చెప్పడు కదా?

పాత_కౌన్సిలర్:

లేనట్టే అని అప్పుడే అనలేం. ఈమధ్యే సోకి ఉంటే పరీక్షలో పడకపోవచ్చు, మూడు నెలలకి ఇంకోసారి చేయించాలి. తేదీ గుర్తుపెట్టుకోమని అతనికి చెప్తే లాభం లేదు, మీ ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. పాజిటివ్ వస్తే అదే రోజు ఏఆర్‌టీ సెంటర్ (హెచ్ఐవి మందులిచ్చే చోటు) దాకా వెంట వెళ్లండి, ఆ రెండు గదుల మధ్యలోనే చాలామంది తప్పిపోతారు. అడ్రసు అడిగితే షెల్టర్ వాళ్ల లెటర్ ఒకటి ఉంటే పని తేలికవుతుంది. మందు రోజూ వాడి వైరస్ పరీక్షలో కనిపించని స్థాయికి తగ్గితే అతని నుంచి సెక్స్ ద్వారా ఇంకొకరికి సోకదు, ఇది కూడా ఆ రోజే చెప్పండి, వినగానే బతుకు మీద ఆశ పోయినవాడికి అది చాలా పెద్ద మాట.

పేర్లు అడగొద్దు. "నీతో ఉన్నవాళ్లకి కూడా ఇదే మందు కావాలి, లేకపోతే నీకు మళ్లీ వస్తుంది, వాళ్లనే రమ్మను, నేను బయట టీకొట్టు దగ్గర ఉంటాను" అనండి. సురక్ష క్లినిక్‌లో పార్ట్‌నర్‌కి కూడా మందిస్తారు. మందు మింగాక ఏడు రోజులు ఎవరితోనూ కలవొద్దని చెప్పాలి. ఆ ఏడు రోజులూ పడుకోవడానికి వేరే చోటు చూడగలిగితే చూడండి, ప్లాట్‌ఫాం_తర్వాత గారు చెప్పిన కారణానికే.

పొద్దున తొందరగా వెళ్లండి, మధ్యాహ్నం దాకా ఆగితే ల్యాబ్‌లో రక్తం తీసుకోవడం అయిపోతుంది. ఆ కుర్రాళ్లు రాత్రి కేటరింగ్ పని చేసి ఉంటే నిద్ర లేవరు కాబట్టి పని లేని రోజు చూసుకోండి, టిఫిన్ పెట్టించి తీసుకెళ్లండి. వెళ్లే ముందు 1097 కి ఫోన్ చేసి మీకు దగ్గర్లోని ఐసీటీసీ ఏ రోజుల్లో, ఎన్నింటి దాకా ఉంటుందో కనుక్కోండి, ఆ నంబరుకి డబ్బులు పడవు.